ఎంఎస్‌పీ మొదలయ్యేదాకా: బ్రిటిష్ కొలంబియాలో మా మొదటి మూడు నెలలు

మేము ముగ్గురం, అంటే నేను, మా ఆయన, ఐదేళ్ల మా బాబు, వాంకూవర్ ఎయిర్‌పోర్టులో దిగింది 2024 అక్టోబర్ 4, శుక్రవారం. బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వ ఆరోగ్య బీమాని ఇక్కడ అందరూ ఎంఎస్‌పీ అంటారు, మెడికల్ సర్వీసెస్ ప్లాన్. అది మాకు మొదలైంది 2025 జనవరి 1న. ఆ మధ్యలో ఏం జరిగిందో, ఎంత ఖర్చయిందో, ఎక్కడ ఎంత ఆగామో రాస్తున్నాను. పీఆర్, అంటే కెనడాలో శాశ్వతంగా ఉండే అనుమతి, చేతికొచ్చి టికెట్లు చూసుకుంటున్న వాళ్లకు ఇది ముందే తెలిస్తే మంచిది. మాకు చెప్పిన వాళ్లు లేరు.

కెనడాలో పీఆర్ వస్తే దిగిన రోజు నుంచే వైద్యం ఉచితం అని ఇంటి దగ్గర అందరూ అనుకుంటారు. మేమూ చాలాకాలం అలాగే విన్నాం. కానీ ఆరోగ్య బీమా ఇక్కడ రాష్ట్రాల చేతిలో ఉంటుంది, వాళ్లు ప్రావిన్స్ అంటారు. ఒక్కో చోట ఒక్కో లెక్క. బీసీలో, అంటే బ్రిటిష్ కొలంబియాలో, లెక్క ఏమిటంటే, మనం వచ్చిన నెలలో మిగిలిన రోజులు, ఆ తర్వాత పూర్తిగా రెండు నెలలు ఆగాలి. మేము అక్టోబర్ 4న దిగాం కాబట్టి అక్టోబర్ మిగతా అంతా, నవంబర్, డిసెంబర్ ఆగాం. అదే సెప్టెంబర్ 30న దిగి ఉంటే అక్టోబర్, నవంబర్ గడిచి డిసెంబర్ 1కే మొదలయ్యేది. టికెట్‌లో నాలుగు రోజుల తేడా, బీమాలో నెల తేడా. ఆఫీసులో మా ఆయన చివరి రోజు సెప్టెంబర్ 30 కాబట్టి మాకు ముందుకు జరిపే వీలు లేదు. వీలున్నవాళ్లు మాత్రం నెల మొదట్లో కాకుండా నెలాఖరులో దిగేలా చూసుకోండి. ఇందులో ఏ మోసమూ లేదు, నిబంధన అలా ఉంది అంతే.

మా పిన్ని కూతురు అంతకు ఏడాది ముందు ఒంటారియోలో బ్రాంప్టన్‌కి వెళ్లింది. వాళ్లకు ఈ ఆగడమే లేదు. అక్కడ కూడా ఒకప్పుడు మూడు నెలలు ఉండేదట. 2020 మార్చిలో కోవిడ్ సమయంలో తీసేశారు, మళ్లీ పెట్టలేదు. తను కాగితాలు పట్టుకుని సర్వీస్ ఒంటారియో ఆఫీసుకు వెళ్లి అక్కడి ప్రభుత్వ బీమా, ఓహిప్, చేయించుకుంది, అయిపోయింది. ఆల్బర్టాలో కూడా వేరే దేశం నుంచి నేరుగా వచ్చి మూడు నెలల్లోపు అప్లై చేసుకుంటే, అక్కడ కాపురం పెట్టిన రోజు నుంచే ఇస్తారు. క్విబెక్‌లో మళ్లీ మూడు నెలల వరకూ ఆగాలి. ఏ ఊరికి వెళ్లాలన్నది ఉద్యోగాన్ని బట్టి, బంధువులను బట్టి ఉంటుంది, ఒప్పుకుంటాను. అయినా ఇంట్లో గర్భిణీ ఉన్నా, షుగర్ ఉన్నవాళ్లు ఉన్నా, ఈ ఒక్క విషయం ఇల్లు వెతుక్కోవడం కంటే ముందు చూసుకోవాల్సింది.

మేము వాంకూవర్ దగ్గరి సర్రీలో మా బావగారి ఇంటి బేస్‌మెంట్‌లో దిగాం. అక్టోబర్ 8న ఆన్‌లైన్‌లో ఎంఎస్‌పీకి అప్లై చేశాం. అరగంట పట్టింది. పీఆర్ కార్డు వచ్చేదాకా ఆగాలేమో అనుకునే వాళ్లు చాలామంది ఉన్నారు, అక్కర్లేదు. ల్యాండింగ్ అప్పుడు ఇచ్చిన సీఓపీఆర్, అంటే పీఆర్ వచ్చినట్టు ధ్రువీకరించే కాగితం, పాస్‌పోర్టులు స్కాన్ చేసి పెడితే సరిపోయింది. కుటుంబమంతా ఒకే అప్లికేషన్‌లో వెళ్తుంది, ఒకరు అకౌంట్ హోల్డర్, మిగతావాళ్లు వాళ్ల కింద. ప్రీమియం ఏమీ లేదు, 2020 జనవరి నుంచే తీసేశారు. ఆ రాత్రి మా ఆయన ఎంత ఆనందంగా ఉన్నారో! ఒక పెద్ద పని అయిపోయిందని అన్నం తినేటప్పుడు బావగారికి చెప్పారు. బావగారు, "అప్లై చేయడం కాదురా, అది మొదలయ్యే రోజు చూడు" అన్నారు. అప్పుడే ఆయన క్యాలెండర్ తెచ్చి జనవరి 1 చూపించారు.

ఇంకో నిబంధన కూడా అప్పుడే తెలిసింది. ఈ ఆగే కాలంలో మొత్తం మీద 30 రోజులకు మించి ప్రావిన్స్ బయట ఉంటే అర్హత దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇంట్లో సామాను పంచిపెట్టడం, బ్యాంకు పనులు మిగిలిపోయాయని మా ఆయన నవంబర్‌లో నెలన్నర వెనక్కి వెళ్లి రావాలనుకున్నారు. ఆ ఆలోచన మానుకున్నాం. దిగేసి, కార్డుకు అప్లై చేసి, మళ్లీ ఇండియా వెళ్లిపోయి తీరిగ్గా వద్దాం అనుకునే వాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ప్రైవేటు బీమా మేము బయల్దేరకముందే తీసుకున్నాం. ముగ్గురికీ మూడు నెలలకు ఐదు వందల అరవై డాలర్లు అయింది. తీసుకున్నది మంచిదే అయింది. ఇక్కడికొచ్చాక కొనే పాలసీల్లో జబ్బుకి మొదటి రెండు మూడు రోజులు కవరేజీ ఉండదు, పైగా వచ్చిన ఇన్ని రోజుల్లోపే కొనాలనే షరతు ఉంటుంది. కానీ నాకు థైరాయిడ్ ఉంది. పాలసీలో పాత జబ్బుల గురించి ఒక పేరా ఉంది, అది చదివేసరికి గుండె జారింది. పాత జబ్బు ఉన్నా పర్వాలేదు, గత ఆరు నెలలుగా నిలకడగా ఉంటే చాలు అని అందులో రాసి ఉంది. నిలకడ అంటే వాళ్ల లెక్కలో మందు డోసు మారకూడదు. నాకు జూలైలో డాక్టరు గారు మాత్ర డోసు డెబ్భై ఐదు మైక్రోగ్రాముల నుంచి ఎనభై ఎనిమిదికి పెంచారు. ఒంట్లో నాకు బాగానే ఉంది, అయినా కాగితం మీద నేను నిలకడగా లేనట్టే. అంటే థైరాయిడ్ వల్ల ఏం వచ్చినా వాళ్లు రూపాయి ఇవ్వరు. ప్రయాణానికి ముందు ఆరు నెలల్లో మందు మార్చే పని ఉంటే, అది ఒంటికి అవసరమైతే తప్పదు, కానీ పాలసీ కొనేముందు ఆ తేదీ మీకు తెలిసి ఉండాలి.

నేను నాలుగు నెలలకు సరిపడా మాత్రలు, డాక్టర్ చీటీతో సహా తెచ్చుకున్నాను. ఇది చేసినందుకు నాకు నేనే ఎన్నిసార్లో సంతోషపడ్డాను. చీటీ మీద మందు బ్రాండు పేరుతో పాటు అసలు మందు పేరు, లెవోథైరాక్సిన్ అని, రాయించుకోండి. ఇక్కడి ఫార్మసీలో మన బ్రాండ్లు ఎవరికీ తెలియవు.

అక్టోబర్ అంతా ఇల్లు వెతకడం, బాబుని స్కూల్లో వేయడంతో గడిచిపోయింది. నవంబర్ మొదటి వారంలో మా ఆయనకి ఉద్యోగం దొరికింది. ఆఫీసులో ఎక్స్‌టెండెడ్ బెనిఫిట్స్ ఉన్నాయన్నారు. అమ్మయ్య, ఇక జనవరి దాకా ఆగక్కర్లేదు అనుకున్నాం. అది కుదరలేదు. ఒకటి, ప్రొబేషన్ మూడు నెలలు అయితేగానీ అవి మొదలుకావు. రెండు, అవి పళ్లు, కళ్లద్దాలు, మందులు లాంటి వాటికి. డాక్టరు, ఆసుపత్రి ఖర్చు ప్రభుత్వ బీమా చూసుకుంటుందని అనుకుని, దాని పైన కట్టిన ప్లాన్ అది. ఎంఎస్‌పీ లేకుండా అందులో చేర్చుకోలేమని హెచ్ఆర్ ఆవిడ చాలా మర్యాదగా చెప్పింది.

నవంబర్ 12 రాత్రి బాబుకి చెవి నొప్పి. పగలంతా బాగానే ఆడుకున్నాడు, పదకొండింటికి లేచి చెవి పట్టుకుని ఏడుపు. ఒళ్లు కాలిపోతోంది. మా తోడికోడలు పైనుంచి వచ్చి, "811కి ఫోన్ చెయ్యమ్మా, నర్సు మాట్లాడుతుంది" అంది. 811 అంటే బీసీలో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా నర్సుతో మాట్లాడే నంబరు. నాకు భయం, హెల్త్ నంబరు అడుగుతారు, లేదంటే పెట్టేస్తారు అని. నంబరు అడిగింది, ఇంకా రాలేదన్నాను, సరే అని వయసు, బరువు, జ్వరం ఎంత అని అడగడం మొదలుపెట్టింది. బాబు మెడ వంచగలుగుతున్నాడా, నీళ్లు తాగుతున్నాడా, చెవి వెనక వాపు ఉందా, అన్నీ ఓపిగ్గా అడిగింది. తెల్లారాక డాక్టర్‌కి చూపించండి, ఈలోగా ఇది ఇన్ని ఎంఎల్ ఇవ్వండి అని చెప్పింది. ఇంగ్లిష్‌లో ఇబ్బంది ఉంటే దుబాసీని కూడా లైన్లోకి తీసుకుంటారు. అమ్మానాన్నలతో వచ్చేవాళ్లకు ఇది చాలా పెద్ద సాయం.

పొద్దున్నే వాకిన్ క్లినిక్‌కి, అంటే అపాయింట్‌మెంట్ లేకుండా చూసే చోటికి, వెళ్లాం. తలుపు తీయకముందే బయట లైను. కౌంటర్ దగ్గర అమ్మాయి తలెత్తకుండానే "కేర్ కార్డ్?" అంది. ఇక్కడి హెల్త్ కార్డుకి పాత పేరు అది, ఇప్పటికీ చాలామంది అలాగే అంటారు. లేదు, కొత్తగా వచ్చాం అన్నాను. ఒక లామినేట్ చేసిన కాగితం నా వైపు తిప్పింది. ఎంఎస్‌పీ లేనివాళ్లకు సాధారణ విజిట్ నూట ముప్పై డాలర్లు, ముందే కట్టాలి. కట్టాం. గంటన్నర కూర్చున్నాం. డాక్టర్ చూసింది ఐదు నిమిషాలు, చాలా మంచావిడ, బాబుకి చెవిలో చూసే లైటు చేతికిచ్చి ఆడుకోనిచ్చింది. అమాక్సిసిలిన్ రాసింది, ఫార్మసీలో ఇంకో ఇరవై ఆరు డాలర్లు. మా పాలసీలో మొదటి వంద డాలర్లు మనమే పెట్టుకోవాలి. కాబట్టి వెనక్కి వచ్చేది యాభై ఆరు. ఆ యాభై ఆరు కోసం వాళ్లు అడిగినవి చూడండి: వివరంగా రాసిన బిల్లు, డాక్టర్ ఏం జబ్బని తేల్చిందో రాసిన కాగితం, ఫార్మసీ రసీదు, కెనడాకి ఏ రోజు వచ్చామో రుజువు. బోర్డింగ్ పాసులు పారేయకండి. మావి మా ఆయన ఒక పుస్తకంలో దాచారు కాబట్టి దొరికాయి.

అక్కడి నుంచి మాకు ఒక కొత్త అలవాటు మొదలైంది. బాబు తుమ్మినా లెక్క వేసుకోవడం. స్కేటింగ్‌కి పిలిస్తే వద్దన్నాం. మెట్ల మీద పరిగెత్తితే అరిచేదాన్ని. మంచు పడ్డ రోజు బయటికి పంపకుండా కిటికీలోంచి చూపించాను. ఇప్పుడు తలుచుకుంటే వాడికి జాలిగా ఉంటుంది, కానీ ఆ రోజుల్లో ఒక తల్లికి అంతకంటే వేరే ఆలోచన రాదు.

ఇక ఎంఎస్‌పీ ఉత్తరం. అప్లై చేశాక కొన్ని వారాల్లో పోస్టులో ఉత్తరం వస్తుంది. అందులో మన పర్సనల్ హెల్త్ నంబరు ఉంటుంది, తొమ్మిదితో మొదలయ్యే పది అంకెలు. బీమా ఏ తేదీ నుంచి అన్నదీ ఉంటుంది. ఆ ఉత్తరం పట్టుకుని పెద్దవాళ్లు ఐసీబీసీ ఆఫీసుకి, అంటే డ్రైవింగ్ లైసెన్సులిచ్చే చోటికి వెళ్లి, ఫొటో దిగి, బీసీ సర్వీసెస్ కార్డు తీసుకోవాలి. ఇదంతా తెలుసుకుని రోజూ పోస్టు డబ్బా చూస్తుండగా, నవంబర్ 15న కెనడా పోస్టు సమ్మె మొదలైంది. దేశమంతా ఉత్తరాలు ఆగిపోయాయి. పీఆర్ కార్డులు, బ్యాంకు కార్డులు, మా ఉత్తరం, అన్నీ ఎక్కడో సంచుల్లో. డిసెంబర్ 17న ఉద్యోగులు మళ్లీ పనిలోకి వచ్చారు. అయినా పేరుకుపోయినదంతా కదిలేసరికి ఇంకా టైం పట్టింది.

ఆ మధ్యలో ఎంఎస్‌పీ పనులు చూసే హెల్త్ ఇన్సూరెన్స్ బీసీకి ఫోన్ చేశాను. చాలాసేపు పాట వినిపించాక ఒకావిడ తీసింది. పేర్లు, పుట్టిన తేదీలు, అడ్రసు అడిగి, "మీ ముగ్గురి అప్లికేషన్ ఓకే అయింది, జనవరి 1 నుంచి మొదలు, ఉత్తరం పంపేశాం" అంది. ఆ మాటతో సగం టెన్షన్ తగ్గింది. పోస్టు రాకపోయినా బీమా తేదీ మారదు. కార్డు వేరు, కవరేజీ వేరు. ఈ రెండింటినీ ఒకటే అనుకుని మాకు తెలిసిన ఒక కుటుంబం కార్డు వచ్చేదాకా పాపకి డాక్టర్‌ని చూపించకుండా ఆపారు. అవసరం లేదు.

డిసెంబర్ 29, ఆదివారం. ఇంకో మూడు రోజుల్లో మా బీమా మొదలు. సాయంత్రం నాలుగింటికి మా ఆయన నడుం పక్కన నొప్పి అన్నారు. పట్టేసిందేమో అని వేడినీళ్ల కాపడం పెట్టాను. ఆరింటికల్లా మనిషి మెలికలు తిరిగిపోతున్నారు. బాత్రూం గచ్చు మీద కూర్చుని, చెమటలు కారుతూ, రెండుసార్లు వాంతి చేసుకున్నారు. ఎమర్జెన్సీకి వెళ్దామండీ అంటే ఆయన అన్న మాట నేను ఎప్పటికీ మరచిపోలేను. "ఒకటో తారీఖు దాకా ఓర్చుకుంటానే. మూడు రోజులే కదా."

పెద్ద ఉద్యోగం వదులుకుని, ఉన్న పొదుపంతా డాలర్లుగా మార్చుకుని వచ్చిన మనిషి. ఆ నొప్పిలో కూడా తేదీ లెక్క వేస్తున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. బహుశా ఈ దేశంలో కొత్తగా వచ్చిన ఎన్నో ఇళ్లలో ఇదే మాట ఎవరో ఒకరు అనే ఉంటారు. మళ్లీ 811కే ఫోన్ చేశాను. నర్సు ఒళ్లు వెచ్చగా ఉందా అని అడిగింది. కొంచెం వెచ్చగానే ఉంది అన్నాను. నడుం పక్క నొప్పికి జ్వరం తోడైతే ఇంట్లో ఉండటానికి లేదు, ఇప్పుడే వెళ్లండి అంది. బావగారు కారు తీశారు. అంబులెన్స్ గురించి కూడా అడిగాను, తర్వాత తెలిసింది: ఎంఎస్‌పీ ఉన్నవాళ్లకు బీసీలో అంబులెన్స్‌కి ఎనభై డాలర్లు, లేనివాళ్లకు దానికి ఎన్నో రెట్లు. బీమా ఉన్నా అది పూర్తిగా ఉచితం కాదన్నది కూడా చాలామందికి బిల్లు వచ్చాకే తెలుస్తుంది.

ఆసుపత్రిలో మొదట నర్సు చూసింది, బీపీ, జ్వరం, నొప్పి పదికి ఎంత. డబ్బు మాట అక్కడ లేదు. అది నాకు పెద్ద ఊరట. డబ్బు కట్టకపోతే ముట్టుకోరేమో అన్న భయంతో వెళ్లాను, అలా జరగలేదు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ కిటికీ. హెల్త్ నంబరు లేదు అనగానే ఆవిడ వేరే ఫారం తీసింది. ప్రావిన్స్‌లో బీమా లేనివాళ్ల ఎమర్జెన్సీ ఫీజు, వెయ్యి డాలర్ల పైచిలుకు. ఇప్పుడు ఎంత కట్టగలరు అని అడిగింది. మా కెనడా క్రెడిట్ కార్డు లిమిట్ వెయ్యి డాలర్లు, కొత్తవాళ్లకు అంతకంటే ఇవ్వలేదు, అందులో సగం అప్పటికే బాబు చలికోట్లకు అయిపోయింది. ఇండియా నుంచి తెచ్చుకున్న ఫారెక్స్ కార్డు, బావగారి కార్డు కలిపి కట్టాం. దిగిన మొదటి మూడు నెలలు ఏదో ఒక కార్డులో రెండు వేల డాలర్లు తాకకుండా ఉంచుకోమని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

కిటికీ దగ్గర నుంచి వచ్చి కూర్చోగానే మా ఆయన నాకు చెప్పిన పని, బీమా కంపెనీకి ఫోన్. పాలసీ కార్డు వెనక ఒక అసిస్టెన్స్ నంబరు ఉంటుంది. ఎమర్జెన్సీకి వెళ్తే ముందుగానో, ఇరవై నాలుగు గంటల్లోపో చెప్పాలి, లేకపోతే కొంత కోసుకుంటామని రాసి ఉంది. వెయిటింగ్ హాల్లో గోడ పక్కన నిలబడి నలభై నిమిషాలు ఫోన్ చెవిలో పెట్టుకున్నాను. చివరికి కేసు నంబరు ఇచ్చారు. దాన్ని చేతి మీద రాసుకున్నాను, ఆ క్షణానికి కాగితం దొరకలేదు.

డాక్టర్ లోపలికి పిలిచేసరికి రాత్రి పదకొండు దాటింది. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. పది నిమిషాల్లో ఆయన మొహంలో రంగు మారింది. రక్తం, మూత్రం పరీక్ష, స్కాన్. కిడ్నీలో రాయి, ఐదు మిల్లీమీటర్లు, కిందికి జారుతోంది. ఇన్ఫెక్షన్ లేదు, దానంతటదే పడిపోయే సైజే అన్నారు. మందులు, రాయిని పట్టుకోవడానికి ఒక చిన్న జల్లెడ ఇచ్చి తెల్లవారుజామున నాలుగింటికి ఇంటికి పంపారు. జనవరిలో యూరాలజిస్టుకి చూపించమని రిఫరల్ రాశారు. "జనవరి అయితే ఖర్చు లేదు కదండీ?" అని నేను డాక్టర్‌నే అడిగాను. ఆయన నవ్వి, అవును, వైద్యం ఏ తేదీన జరిగితే ఆ తేదీకి బీమా ఉందా అన్నదే లెక్క అన్నారు. అంటే డిసెంబర్ 29 బిల్లుని జనవరి 1 తర్వాత కట్టినా ఎంఎస్‌పీకి సంబంధం లేదు.

ఇంటికొచ్చాక ఇంకో సంగతి బయటపడింది. ఆసుపత్రిలో కట్టింది ఆసుపత్రికి మాత్రమే. ఎమర్జెన్సీ డాక్టర్ బిల్లు వేరుగా వచ్చింది. స్కాన్ చదివిన డాక్టర్ బిల్లు ఇంకా వేరుగా, ఇంకా ఆలస్యంగా వచ్చింది. ఎంఎస్‌పీ ఉన్నవాళ్లకు ఇవేవీ కనపడవు, అన్నీ లోపల్లోపల తేలిపోతాయి. అందుకే ఇక్కడ ఎన్నేళ్లుగా ఉన్న మా బావగారికి కూడా ఈ సంగతి తెలియదు. అన్నీ కలిపి రెండు వేల రెండు వందల దాకా అయింది.

జనవరి 1 పొద్దున్న మా ఆయన లేచి, "ఇక నాకేం వచ్చినా పర్లేదు" అన్నారు. నోరు మూసుకోమన్నాను. ఆ రోజు ఇంట్లో పాయసం చేశాను.

ఉత్తరం జనవరి 3న వచ్చింది. మూడు నంబర్లు, మూడు పేర్లు, కవరేజీ జనవరి 1 నుంచి. ఆ వారంలోనే ఐసీబీసీ ఆఫీసుకి వెళ్లాం. పాస్‌పోర్టు, సీఓపీఆర్ చూశారు, ఫొటో తీశారు, కార్డు పోస్టులో వస్తుందన్నారు. బాబు ఫొటో అక్కర్లేదు, పిల్లల కార్డు నేరుగా ఇంటికే పంపుతారు. లైసెన్సు ఉన్నవాళ్లకు అదీ ఇదీ కలిపి ఒకే కార్డు ఇస్తారు, వెనక వైపు హెల్త్ నంబరు ఉంటుంది. మాకు ఇంకా ఇక్కడి లైసెన్సు లేదు కాబట్టి విడిగా తీసుకున్నాం. జనవరి 16న యూరాలజిస్టు దగ్గరికి వెళ్లేసరికి కార్డు రాలేదు. ఉత్తరంలో నంబరు చెబితే చాలింది. రాయి అప్పటికే పడిపోయింది. విజిట్ అయ్యాక బిల్లు ఎక్కడ కట్టాలి అని మా ఆయన అడిగితే, రిసెప్షన్ అమ్మాయి అర్థం కానట్టు చూసి, ఏమీ లేదు, వెళ్లొచ్చు అంది. బయట లిఫ్ట్ దగ్గర ఇద్దరం కాసేపు అలాగే నిలబడిపోయాం.

బీమా మొదలైతే డాక్టర్ దొరికినట్టు కాదని కూడా చెప్పాలి. ఫ్యామిలీ డాక్టర్ కోసం హెల్త్ కనెక్ట్ రిజిస్ట్రీ అని ఒక జాబితా ఉంది, అందులో పేరు రాసుకోవడానికి ఆ పది అంకెల నంబరు కావాలి. అంటే ఆ క్యూ కూడా మాకు జనవరి 3 నుంచే మొదలైంది. మాకు నర్స్ ప్రాక్టీషనర్, అంటే ఫ్యామిలీ డాక్టర్‌లా చూసి మందులు రాసే నర్సు, దొరికింది జూలైలో. అప్పటిదాకా వాకిన్ క్లినిక్కులు, అర్జెంట్ కేర్ సెంటరే. ఫిబ్రవరిలో నా థైరాయిడ్ పరీక్ష వాకిన్ డాక్టరే రాసింది, ల్యాబ్‌లో ఒక్క డాలరు అడగలేదు. అప్పటికి నా మాత్రలు అయిపోవస్తున్నాయి.

మందులు ఎంఎస్‌పీలో రావు. దానికి ఫేర్ ఫార్మాకేర్ అని వేరే ఉంది, విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, ఎవరూ వాళ్లంతట వాళ్లు చేర్చరు. రెండేళ్ల కిందటి ఆదాయాన్ని బట్టి, ఏడాదికి మందుల ఖర్చు ఇంత దాటాక ప్రభుత్వం పంచుకుంటుంది. మాకు ఆ ఏడాది ఇక్కడ ట్యాక్స్ రిటర్న్ లేదు కాబట్టి ఇండియాలో సంపాదించింది చూపించాల్సి వచ్చింది. ఫారం 16 తెచ్చుకోండి. పెద్దవాళ్ల పళ్లు, పంతొమ్మిది నుంచి అరవై నాలుగేళ్ల వాళ్ల మామూలు కళ్ల పరీక్ష ఎంఎస్‌పీలో లేవు. పద్దెనిమిదేళ్ల వరకు పిల్లలకు కళ్ల పరీక్ష ఉంది, బాబుకి మార్చిలో చేయించాం.

ఇక మిగిలింది ప్రైవేటు బీమా కంపెనీతో వ్యవహారం. మా ఆయన ఎమర్జెన్సీ క్లెయిమ్‌కి వాళ్లు అడిగినది, గత ఏడాది కాలంలో ఇండియాలో ఫ్యామిలీ డాక్టర్ దగ్గర ఉన్న రికార్డులన్నీ. రాయి పాతదా కొత్తదా చూడాలట. మనకు అలాంటి పద్ధతి ఎక్కడ ఉంది? ఫైలు మన దగ్గరే ఉంటుంది, డాక్టర్ దగ్గర ఏమీ ఉండదు. ఎన్ని మెయిళ్లు రాసినా అదే ప్రశ్న మళ్లీ పంపారు. చివరికి మా మామయ్యగారు ఊళ్లో డాక్టర్ గారి దగ్గరికి వెళ్లి, ఈయనకి ఇంతకుముందు కిడ్నీ సమస్య లేదని లెటర్‌హెడ్ మీద రాయించి, సీలు వేయించి, స్కాన్ చేసి పంపారు. రెండేళ్ల కిందట ఆఫీసు వాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో పొట్ట స్కాన్ రిపోర్టు మా ఆయన మెయిల్‌లో దొరికింది, అది అసలు పనికొచ్చింది. బయల్దేరే ముందు ఇలాంటివన్నీ, బాబు టీకాల పుస్తకంతో సహా, ఒక్కచోట స్కాన్ చేసి పెట్టుకోండి.

ఏప్రిల్ చివర్లో చెక్కు వచ్చింది. ఆసుపత్రి ఫీజు, ఎమర్జెన్సీ డాక్టర్ బిల్లు ఇచ్చారు. స్కాన్ చదివిన డాక్టర్ బిల్లు ఆలస్యంగా అందిందని నూట నలభై డాలర్లు ఇవ్వలేదు. దాని మీద మళ్లీ రాశాను. మా మరిది వాళ్లకి మొన్ననే పీఆర్ వచ్చింది, వాళ్లూ సర్రీకే వస్తున్నారు. మరదలికి ఐదో నెల. టికెట్లు నెల మూడో తారీఖుకి చూశారు. నేనే ఫోన్ చేసి అంతకుముందు నెల ఇరవై ఎనిమిదికి మార్పించాను.